వెంటిలేటర్ మోడ్ మార్చారంటే భయపడాలా?

అమీర్‌పేట నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. "మా నాన్నగారికి అరవై ఏడేళ్లు. ముప్ఫయ్యేళ్లపాటు సిగరెట్లు కాల్చారు. నిమ్ము చేసి ఆయాసం ఎక్కువైతే పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్చాము. ఐ.సి.యు.లో వెంటిలేటర్ పెట్టారు. మొదటి రెండు రోజులు 'ఏ.సి. మోడ్' అన్నారు. తరువాత వేరే మోడ్‌కు మార్చామన్నారు. నిన్న రాత్రి మళ్లీ పాతదానికే వచ్చామంటున్నారు. 'వీళ్లు నాన్న మీద ప్రయోగాలు చేస్తున్నారు, వేరే ఆసుపత్రికి తీసుకుపోదాం' అని మా అన్నయ్య పట్టుబడుతున్నాడు. అసలు ఏ మోడ్ మంచిది? ఏది ప్రమాదం? ఇన్నిసార్లు మార్చవచ్చా?"

అమ్మా, వారపత్రికలో జవాబు అచ్చయి మీ చేతికి అందేసరికి మీ నాన్నగారు ఇంటికి వచ్చి ఉండాలని కోరుకుంటున్నాను. రోగిని చూడకుండా ఆయనకు ఏది మంచిదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. కాని మీరు వేసిన ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినబడుతున్నది. 2020లో కోవిడ్ వచ్చి, గాంధీ ఆసుపత్రి వార్తలు రోజూ వింటున్నప్పటినుంచి వెంటిలేటర్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఆ యంత్రం ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో మాత్రం తెలిసినవారు తక్కువ. అంచేత కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా మీ అన్నయ్యగారికి ఒక మాట. మోడ్ మార్చడం ప్రయోగం కాదు. రోగి పరిస్థితి మారుతుంటే యంత్రాన్ని కూడా మార్చాలి. అయిదు రోజులపాటు దేన్నీ కదపకుండా వదిలేస్తే, అప్పుడు అడగాలి ఎందుకని. ఇక ఆసుపత్రి మార్చడం గురించి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని అంబులెన్సులో ఎక్కించి పంజాగుట్ట చౌరస్తా దాటించడం చిన్న విషయం కాదు. దారిలో గొట్టం జరగవచ్చు, ప్రాణవాయువు సిలిండరు అయిపోవచ్చు, రక్తపు పోటు పడిపోవచ్చు. ఇక్కడ లేని వైద్యం అక్కడ ఉన్నదని తేలితేనే కదిలించాలి. అనుమానం ఒక్కటే కారణమైతే, వేరే డాక్టరుగారిని ఇక్కడికే పిలిపించి అభిప్రాయం అడగడం మేలు.

లాగే గాలి, తోసే గాలి

ఊపిరితిత్తి అన్న మాటలో 'తిత్తి' ఉంది చూశారా? కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తిని విప్పితే గాలి తనంతట తానే లోపలికి పోతుంది. మన శరీరంలోనూ అంతే. ఛాతీకీ పొట్టకూ నడుమ అడ్డుగోడలా ఉన్న డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగుతుంది. పక్కటెముకలు పైకి లేస్తాయి. ఛాతీ విప్పారి గాలిని లోపలికి లాక్కుంటుంది. వెంటిలేటర్ పని దీనికి పూర్తిగా విరుద్ధం. అది గొట్టంలోంచి గాలిని లోపలికి నెడుతుంది, పిల్లలు బుడగ ఊదినట్లు. ఈ యంత్రం వల్ల వచ్చే కష్టాలు చాలావరకు ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే. నెట్టిన గాలి ఒత్తిడికి ఛాతీలోకి తిరిగి రావలసిన రక్తం తగ్గుతుంది. అందుకే గొట్టం వేసిన మొదటి గంటలో కొందరికి రక్తపు పోటు పడిపోతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే ఊపిరితిత్తి చిల్లుపడి, గాలి బయటికి పొక్కి, ఛాతీలోకి వేరే గొట్టం వేయవలసి వస్తుంది.

మొదట్లో యంత్రాలు కూడా లాగేవే. 1928లో అమెరికాలో ఫిలిప్ డ్రింకర్ తయారుచేసిన ఇనుప పెట్టెలో రోగిని పడుకోబెట్టి, తల మాత్రం బయట ఉంచేవారు. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు ఆ పెట్టెలు చాలలేదు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, రోగి గొంతు దగ్గర గాలిగొట్టానికి రంధ్రం చేసి, ఒక గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కించి గాలి పోయించాడు. దాదాపు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు సంచీలు నొక్కారు. ఊపిరి ఆడని పోలియో రోగుల్లో నూటికి ఎనభై మందికి పైగా పోతూ ఉండగా, ఆ సంఖ్య సగానికి దిగింది. నేటి ఐ.సి.యు.లకు అదే మూలం.

ఆ విద్యార్థులలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. రోగి ముఖం చూస్తూ నొక్కేవారు. అతను ఊపిరి తీయబోతే అప్పుడే నొక్కవచ్చు. అలసిపోతే కొంచెం ఎక్కువ ఇవ్వవచ్చు. యంత్రానికి కళ్లు లేవు. ఊపిరి ఎవరు మొదలుపెట్టాలి, ఎంత గాలి పోవాలి, ఎప్పుడు ఆపాలి అన్నది దానికి ముందుగా చెప్పి ఉంచాలి. ఆ ఒప్పందాన్నే మోడ్ అంటారు.

ఏ మోడ్‌కు ఏ ప్రమాదం?

మీరు రాసిన 'ఏ.సి.' అంటే గోడకు బిగించే చల్లగాలి యంత్రం కాదు, అసిస్ట్ కంట్రోల్. నిమిషానికి ఇన్ని ఊపిరులు అని డాక్టరు నిర్ణయిస్తారు. మధ్యలో రోగి తనంతట తాను ఊపిరి తీయబోతే, యంత్రం దానికి కూడా పూర్తి మోతాదు గాలి ఇస్తుంది. బాగా అలసినవారికి ఇది విశ్రాంతి. అయితే జ్వరం వల్లనో, నొప్పి వల్లనో, భయం వల్లనో రోగి నిమిషానికి ముప్ఫయ్యయిదు సార్లు ఊపిరి లాగితే, ముప్ఫయ్యయిదు పూర్తి మోతాదులు లోపలికి పోతాయి.

మీ నాన్నగారి వంటి వారికి ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఏళ్ల తరబడి పొగ తాగిన ఊపిరితిత్తుల్లోంచి, ఉబ్బసం ఉన్నవారి ఊపిరితిత్తుల్లోంచి గాలి బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. పాత గాలి పూర్తిగా బయటికి రాకముందే యంత్రం కొత్త గాలి నెడితే, లోపల గాలి మీద గాలి పేరుకుపోతుంది. ఛాతీ ఉబ్బి గుండెను నొక్కుతుంది, రక్తపు పోటు దిగిపోతుంది. అలాంటి సమయంలో డాక్టరు చటుక్కున గొట్టాన్ని యంత్రం నుంచి ఊడదీసి కొన్ని క్షణాలు వదిలేస్తారు. అద్దంలోంచి చూసే బంధువులు 'అయ్యో, గొట్టం పీకేశారు' అని గోల చేస్తారు. నిజానికి ఆ క్షణంలో ప్రాణం నిలబెట్టే వైద్యం అదే. తరువాత ఊపిరుల సంఖ్య తగ్గించి, గాలి బయటికి పోయేందుకు ఎక్కువ వ్యవధి ఇస్తారు.

గాలి కొలత నిర్ణయించి ఇచ్చే పద్ధతిలో ఊపిరితిత్తి బిరుసెక్కితే ఒత్తిడి పెరిగిపోతుంది. ఒత్తిడి నిర్ణయించి ఇచ్చే పద్ధతిలో దీనికి తారుమారు. కఫం అడ్డుపడితే లోపలికి వెళ్లే గాలి చప్పుడు చేయకుండా తగ్గిపోతుంది. ఒకదానిలో ఒత్తిడి మీద కన్ను వేయాలి, రెండోదానిలో గాలి కొలత మీద. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదం మా వైద్యులలో చాలాకాలంగా ఉంది. నా మట్టుకు నాకు, అక్కడి నర్సమ్మలకు, డాక్టర్లకు ఏది బాగా అలవాటో అదే మంచిది.

ఇంతకంటే ముఖ్యమైనది ఎంత గాలి అన్నది. 2000 సంవత్సరంలో అమెరికాలో, రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిన్న 861 మంది రోగుల మీద జరిగిన పరిశోధన మా చదువునే మార్చివేసింది. కొందరికి కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల చొప్పున పాత పద్ధతిలో గాలి ఇచ్చారు, మిగిలినవారికి 6 మాత్రమే. పాత పద్ధతిలో నూటికి దాదాపు 40 మంది చనిపోగా, తక్కువ గాలి ఇచ్చినవారిలో 31 మంది చనిపోయారు. కొత్త మందేమీ లేదు, కొత్త యంత్రం లేదు. గాలి తగ్గించడం ఒక్కటే. అంతవరకు మేము ఎక్కువ గాలిని మేలనుకుంటూ వచ్చాం.

ఇక్కడ బరువు అంటే కాటా మీద తూగే బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కకట్టేది. పొట్ట పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! 165 సెంటీమీటర్ల ఎత్తున్న మగవాడు 90 కిలోలు తూగినా, ఆయన లెక్క 61 కిలోలే. ఆరు చొప్పున సుమారు 370 మిల్లీలీటర్లు, అర లీటరు పాల ప్యాకెట్టు కంటే తక్కువ. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషికి 260 మిల్లీలీటర్లే చాలు. కురచగా ఉండే మన ఆడవాళ్లకు ఎత్తు కొలవకుండా అందాజున గాలి పెడితే ఎంత ఎక్కువైపోతుందో మీరే ఊహించండి. చేర్చేటప్పుడు నర్సమ్మ టేపుతో మీ అమ్మగారి పొడుగు కొలుస్తుంటే, ఇదేమి వింత అనుకోకండి.

'అన్నిటికంటే కొత్త మోడ్ పెట్టండి, ఖర్చుకు వెనుకాడం' అనేవారు కొందరు. కొత్తదంతా మంచిది కాదు. నిమిషానికి వందలసార్లు గాలిని అతి వేగంగా, అతి కొద్దిగా కదిలించే ఒక పద్ధతి మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ఆ పద్ధతిలో నూటికి 47 మంది, మామూలు పద్ధతిలో 35 మంది చనిపోవడంతో దానిని మధ్యలోనే ఆపేశారు. అదే సంవత్సరం ఫ్రాన్సు డాక్టర్లు, పైసా ఖర్చు లేని పని ఒకటి ప్రాణాలు నిలుపుతుందని చూపించారు. తీవ్రంగా ఊపిరితిత్తులు చెడినవారిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టడం. కోవిడ్ నాటి ఫొటోలలో మీరు చూసినది ఇదే.

మాస్కు ద్వారా గాలి ఇచ్చే పద్ధతి వేరు. గొట్టం వేయనక్కరలేదు గనుక మీ నాన్నగారి వంటి పొగ జబ్బులో మొదట దీనినే ప్రయత్నిస్తారు. దీనిలో ప్రమాదం మాస్కు కాదు, ఆలస్యం. గంటా రెండు గంటల్లో ఆయాసం తగ్గకపోయినా, మగత కమ్ముతున్నా గొట్టం వేయవలసిందే. 'గొట్టం మాత్రం వద్దండీ, మాస్కే ఉంచండి' అని బంధువులు బతిమాలుతూ రెండు రోజులు గడిపి, తీరా చెయ్యి దాటాక ఒప్పుకోవడం పాతికేళ్ల పైబడిన నా సర్కారు ఉద్యోగంలో ఎన్నిసార్లు చూశానో!

మళ్లీ పాత మోడ్‌కు ఎందుకు వచ్చారు?

రోగి తేరుకుంటున్నప్పుడు ఊపిరి మొదలుపెట్టే బాధ్యత ఆయనకు అప్పజెప్పి, యంత్రం వెనకనుంచి కొంచెం సాయం పడుతుంది. దీనిని ప్రెషర్ సపోర్ట్ అంటారు. రోగికి హాయిగా ఉంటుంది. కాని మత్తు ఎక్కువైనా, గాఢంగా నిద్రపట్టినా ఊపిరి మొదలుపెట్టేవారే ఉండరు. అలారం సరిగా పెట్టి ఉండాలి. సాయం మరీ తగ్గితే రోగి అలసిపోతాడు. పగలంతా ఇలా ప్రయత్నించి, రాత్రికి విశ్రాంతి కోసం పాత మోడ్‌కు తేవడం చాలాచోట్ల జరిగేదే. మీ నాన్నగారి విషయంలో ఇదే జరిగిందో, లేక జబ్బు మళ్లీ పెరిగిందో అక్కడి డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. రెండూ వేరు వేరు సంగతులు.

'సిమ్‌వి' అని ఇంకొకటి వినబడుతుంది. కొన్ని ఊపిరులు యంత్రానివి, కొన్ని రోగివి. మెల్లగా యంత్రం వాటా తగ్గించుకుంటూ పోతే సులువుగా విడిపించవచ్చని అనుకునేవారు. 1995లో స్పెయిన్ వైద్యులు లెక్క తేల్చారు. దీనికంటే రోజుకొకసారి రోగిని తనంతట తాను ఊపిరి తీయనిచ్చి పరీక్షిస్తే, దాదాపు మూడు రెట్లు త్వరగా యంత్రం నుంచి బయటపడుతున్నారని.

ఎందుకింత తొందర అంటారేమో. కట్టు కట్టిన కాలు సన్నబడినట్లు, పని లేని డయాఫ్రమ్ కూడా చిక్కిపోతుంది. 2008లో వెలువడిన పరిశోధనలో, పూర్తిగా యంత్రం మీదనే 18 నుంచి 69 గంటలు ఉన్నవారి డయాఫ్రమ్ కండర తంతువులు సగానికి పైగా సన్నబడి కనిపించాయి. మూడు రోజులు కూడా కాలేదు! అదనపు మత్తుమందు ఈ కష్టాన్ని పెంచుతుంది. అందుకే వీలున్న రోగికి రోజూ కాసేపు మత్తు ఆపి లేపుతారు. ఆ సమయంలో ఆయన కదులుతారు, గొట్టం పీకబోతారు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. చేతులకు మెత్తని పట్టీలు కట్టడం అందుకే. చూడలేక 'మత్తు ఇచ్చి పడుకోబెట్టండి' అని మీరు ఒత్తిడి చేయకండి. దగ్గర నిలబడి, ఆయన పేరు పెట్టి పిలిచి, ఇవాళ ఏ రోజో, ఎక్కడ ఉన్నారో చెప్పండి. కళ్లజోడు పెట్టండి. గొట్టం ఉన్నంతకాలం మాట రాదు. ఒక పలక, బలపం ఇవ్వండి.

పది పదిహేను రోజులైనా విడిపించలేకపోతే గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం మారుస్తామంటారు. 'గొంతు కోస్తారట' అని బెంబేలు పడనక్కరలేదు. నోట్లో గొట్టం తీసేస్తారు గనుక మత్తు తగ్గించవచ్చు, కఫం తీయడం సులువు. జబ్బు నయమయ్యాక ఆ రంధ్రం చాలామందికి పూడిపోతుంది.

ఇక గొట్టం వెంట లోపలికి దిగే సూక్ష్మక్రిముల వల్ల కొత్తగా మళ్లీ నిమ్ము చేరుతుంది. తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచేది దీనికోసమే. 'పాపం, సరిగా పడుకోనివ్వరు' అని దించకండి. చేతులు కడుక్కోకుండా రోగిని ముట్టుకోకండి. మరొక్క సంగతి, చెప్పక తప్పదు. గుడి నుంచి తెచ్చిన తీర్థాన్ని నోట్లో గొట్టం ఉన్న మనిషి నోట్లో పోయకండి. అది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. కుంకుమో విభూతో నుదుట పెట్టండి, ఎవరూ కాదనరు.

2003లో 'ఠాగూర్' సినిమా వచ్చినప్పటినుంచి, చనిపోయినవారికి యంత్రం తగిలించి డబ్బు గుంజుతారన్న అనుమానం మనవాళ్లలో పాతుకుపోయింది. చనిపోయిన మనిషి ఛాతీని యంత్రం పైకి లేపగలదు, నిజమే. గుండెను కొట్టించలేదు. నాడి లేక, రక్తపు పోటు లేక, ఒళ్లు చల్లబడిపోతుంది. అనుమానం ఉంటే పక్కన నిలబడి నాడి చూస్తామని అడగండి, రోజువారీ కేసు షీటు వివరాలు అడగండి. మెదడు మరణించి గుండె కొట్టుకుంటూ ఉండడం వేరు. అవయవదానం కోసం దానిని నిర్ధారించడానికి 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించాలి. యంత్రం తప్పించి ఊపిరి తీసే ప్రయత్నం ఉందా అని చూడడం అందులో ఒకటి. అవయవదానాన్ని చూసే జీవన్‌దాన్ కార్యాలయం పంజాగుట్టలోనే, నిమ్స్‌లో ఉంది.

నయం కాని జబ్బులో తనకు యంత్రం వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులతో, నోటరీ లేక గెజిటెడ్ అధికారి సంతకంతో సరిపోతుంది. అయితే వెంటిలేటర్ అనగానే ఆఖరి ఘట్టం అనుకోవడం తప్పు. కట్లపాము కరిచినవారిలో, పురుగుల మందు తాగినవారిలో ఊపిరితిత్తులు చాలాసార్లు బాగానే ఉంటాయి, కండరాలే పడిపోతాయి. వారికి ఈ యంత్రం పునర్జన్మ. పురుగుల మందు విషయంలో, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, బాగైపోయాడనుకున్న మనిషి దిండు మీంచి తల ఎత్తలేకపోతే వెంటనే నర్సమ్మను పిలవండి. ఊపిరి కండరాలు పడిపోబోతున్నాయనడానికి అది గుర్తు. 'ఇంటికి తీసుకుపోతాం' అని ఆ రోజుల్లో సంతకం పెట్టకండి.

డాక్టరుగారిని ఏమి అడగాలి? ఏ మోడ్ అని కాదు. యంత్రం ఏ కారణంతో పెట్టారు, ఆ కారణం తగ్గుతోందా? ప్రాణవాయువు నూటికి ఎంత ఇస్తున్నారు, నిన్నటికంటే తక్కువా? తనంతట తాను ఊపిరి తీసే పరీక్ష ఇవాళ చేశారా, చేయకపోతే ఏది అడ్డం? ఈ మూడూ రోజూ ఒకే మనిషి అడగండి. పదిమంది బంధువులు పది వేళల్లో అడిగితే పది జవాబులు వస్తాయి.

గొట్టం తీసేశాక గొంతు బొంగురుపోతుంది, రెండు మూడు రోజులు మాట పీలగా వస్తుంది. రోగి మొట్టమొదట అడిగేది మంచినీళ్లు. నోరు ఎండిపోయి ఉంటుంది, చూస్తే జాలి వేస్తుంది. అయినా గ్లాసు నోటికి అందించకండి. మింగే శక్తి వెంటనే రాదు. మింగగలుగుతున్నారో లేదో అక్కడివారు పరీక్షించి సరేనన్న తరువాత, ఆయనను నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క చెంచా చొప్పున పట్టండి. చెంచాకూ చెంచాకూ మధ్య దగ్గు వస్తున్నదేమో చూస్తూ ఉండండి. దగ్గు వస్తే ఆపి, నర్సమ్మను పిలవండి.